పగుళ్లపై నిలిచిన నగరము

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, కుస్కో నగరమునుండి మాచూ పీచూ శిథిలములవైపు ఒక రైలుమార్గము పోవుచున్నది. ఉరుబంబ నది ఒడ్డుననే సాగు ఈ మార్గములో 82వ కిలోమీటరు గుర్తువద్ద నదిపై ఒక వంతెన కలదు. దానిని దాటినచో ఇంకాలు నడచిన కొండదారి దొరకును. రైలు కొలది గంటలలో చేర్చు చోటికి ఈ దారి పట్టినవారు నాలుగు దినములు నడచి చేరుదురు. దూరము సుమారు 43 కిలోమీటర్లే. చదునునేలపై అయినచో దృఢకాయుడు ఒకటిన్నర దినములో నడవగల దూరము. కాని ఇచట మూడు కనుమలు ఎక్కి దిగవలెను. ఎండిన కొండవాలునుండి మంచుతెరల అడవిలోనికి పోవలెను.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. రైలులో పోవువాడు చివరనున్న ఊరిని మాత్రము చూచును. నడచి పోవువానికి ఆ ఊరికి ముందే ఒక ప్రశ్న యెదురగును. ఇనుము ఎరుగని ప్రజలు, తరచు భూమి కంపించు దేశములో, వాన విడువని కొండకొమ్ముపై, ఇరువైపుల లోయలుండగా ఊరు కట్టుటకు ఈ చోటునే ఏల కోరుకొనిరి? పవిత్రస్థలమని కొందరును, రాజుల విడిదియని కొందరును చెప్పుదురు. రెండును నిజమే కావచ్చును. అయితే ఇటీవల భూగర్భశాస్త్రజ్ఞులును జలశాస్త్రజ్ఞులును ఆ కొండనే ప్రశ్నించి మరియొక సమాధానము రాబట్టిరి. దానిని తెలిసికొనుటకు దారివెంటనే పోవుదము.

'ఇంకా' అను పేరు విని తరగతిలో పిల్లలు నవ్వుట సహజము. మన మాటకును దీనికిని సంబంధము లేదు. కెచువా భాషలో అది మొదట రాజునకు చెల్లిన బిరుదు. తరువాతివారు ఆ ప్రజలందరికిని వాడిరి. 15వ శతాబ్దమున పచకుటి అను రాజు కాలమున విజృంభించి, నూరేండ్లు తిరుగకమునుపే వీరు ఆండీస్ పర్వతముల పొడవున మహాసామ్రాజ్యమును నెలకొల్పిరి. 1532లో స్పెయిన్ దండు వచ్చి దానిని కూల్చినది. వీరికి కంచు తెలియును, ఇనుము తెలియదు. బండిచక్రము లేదు. గుర్రము, ఎద్దు లేవు; బరువు మోయుటకు లామా అను జంతువొక్కటే కలదు, అదియు 25, 30 కిలోలకు మించి మోయదు. మనవంటి లిపి లేదు. లెక్కలను త్రాళ్ల ముడులలో దాచుకొనిరి. అయినను వీరి బాటల మొత్తము పొడవు సుమారు 30,000 కిలోమీటర్లు! 2014లో యునెస్కో వానిని ఆరు దేశముల ఉమ్మడి వారసత్వముగా గుర్తించినది. చక్రము లేకపోవుట వలన ఒక సౌకర్యమును కలిగినది. బండ్లు పోవు బాటకు వాలు తక్కువ యుండవలెను. మనుష్యులును లామాలును పోవు బాటకు మెట్లు చాలును. కాబట్టి వారు కొండను చుట్టి చుట్టి పోక, రాతిమెట్లు పరచి నేరుగా పైకెక్కించిరి. రెండవనాడు ఆ మెట్లెక్కు యాత్రికుని మోకాళ్లకు ఈ చారిత్రక సత్యము చక్కగా బోధపడును.

ఆ రెండవనాడు ఎక్కునది ఈ దారిలో మిక్కిలి ఎత్తైన కనుమ, 4,215 మీటర్లు. దీని పేరు వర్మివాన్యుస్క, అనగా చనిపోయిన స్త్రీ. క్రిందినుండి చూచినపుడు కొండ యంచు వెల్లకిల పరుండిన స్త్రీవలె కనబడునట. ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమలలో ఏ శిఖరమును 1,700 మీటర్లు దాటదని తలచుకొనినచో ఈ యెత్తు ఎంతటిదో ఊహింపవచ్చును.

ఇచట పది మెట్లు ఎక్కునప్పటికి ఊపిరి అందదు. "పైన గాలిలో ప్రాణవాయువు పాలు తక్కువ" అని అనేకులు చెప్పుదురు. ఈ మాట సరికాదు. సముద్రతీరమునను, ఈ కనుమపైనను గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులే. తగ్గినది గాలి యొత్తిడి. సముద్రమట్టమున గాలి 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపగా, ఈ కనుమపై సుమారు 450 మిల్లీమీటర్లు మాత్రమే నిలుపును. అందులో ప్రాణవాయువు వాటా మొదటిచోట 160 మిల్లీమీటర్లు, రెండవచోట 95. ఊపిరితిత్తులలోని పలుచని పొరను దాటించి ప్రాణవాయువును రక్తములోనికి నెట్టునది ఈ యొత్తిడియే. నెట్టుడు తగ్గినపుడు రక్తమునకు దక్కునదియు తగ్గును. దీనికి శరీరము మొదట చేయు ఉపాయము వేగముగా శ్వాసించుట, గుండెను వడిగా కొట్టుకొనునట్లు చేయుట. కొన్ని దినములు, వారములు గడచిన కొలది రక్తములో ఎర్రకణములు పెరుగును. అందుచేతనే యాత్రికులు 3,400 మీటర్ల ఎత్తుననున్న కుస్కోలో రెండు మూడు దినములు ఆగి, పిదప నడక ఆరంభింతురు. తొందరపడినవారికి తలనొప్పి, వాంతులు కలుగును. ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయమే సంభవింపవచ్చును. అపుడు చేయవలసిన మొదటి పని రోగిని క్రిందికి దింపుట.

వేల ఏండ్లుగా ఈ యెత్తులలో కాపురమున్న ఆండీస్ ప్రజల రక్తమున హీమోగ్లోబిన్ అధికముగా నుండును. టిబెట్టు ప్రజలదియు అట్టి నివాసమే గదా, వారికిని అట్లే యుండునని మనము తలతుము. కాని వారిలో అది సామాన్యముగా మైదానవాసుల పరిమాణమునకు దగ్గరగనే యుండును; వారి శరీరము వేగముగా శ్వాసించుట మొదలగు వేరు మార్గములను పట్టినది. ఒకే కష్టమునకు ప్రకృతి రెండు జవాబులు వ్రాసినది. జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి యుదాహరణము దొరకుట కష్టము.

ఒత్తిడి తగ్గుట వంటవానికిని తెలియును. ఈ కనుమపై నీరు 100 డిగ్రీలవద్ద కాక 86 డిగ్రీలవద్దనే మరగును. ఎంత మంట పెట్టినను తెరచిన గిన్నెలో నీరు అంతకుమించి వేడెక్కదు. బంగాళాదుంపలు ఉడుకుటకు చాల సేపు పట్టును. మనము నిత్యము తిను ఆ దుంప పుట్టిల్లు ఈ ఆండీస్ కొండలే యని ఈ సందర్భమున జ్ఞాపకము చేసికొనవచ్చును. అచటివారు దుంపలను రాత్రి చలిలో గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో త్రొక్కి నీరు పిండి, ఎండలో ఆరబెట్టి ఏండ్ల తరబడి నిలువచేసికొందురు. శీతలయంత్రము లేనివారికి కొండచలియే యంత్రమైనది.

మొదటి కనుమ దాటిన తరువాత దేశము మారిపోవును. తూర్పున అమెజాన్ అడవులనుండి తడిగాలి వచ్చి ఆండీస్ వాలులను ఎక్కును. ఎక్కిన గాలి వ్యాకోచించి చల్లబడును, అందలి ఆవిరి మేఘమగును. అందుచేత ఈ వైపు కొండలను మేఘము పట్టి యుండును. చెట్లనిండ పాచి, కొమ్మలపై పూలమొక్కలు. ఇంతవరకు దారిప్రక్క అక్కడక్కడ కనబడిన శిథిలములు ఇకపై వరుసగా వచ్చును. రుంకురకాయ్ గుండ్రని కట్టడము. దారిపోవువారికి విడిదిగా నుండెనని తలచుచున్నారు. సయక్‌మార్క కొండకొనపై నున్నది, మెట్లదారి తప్ప వేరు త్రోవ లేదు. పుయుపటమార్క యనగా మేఘములమీది ఊరు. అందు స్నానఘట్టములవంటి రాతి నీటిధారలు వరుసగా నున్నవి. విన్యాయ్ వైన, అనగా నిత్యయౌవన, వాలుననున్న మళ్లనడుమ రెండు ఇండ్లగుంపులుగా వ్రేలాడుచున్నట్లుండును. మాచూ పీచూ పేరు మాత్రమే లోకమునకు తెలిసినది గాని, నాకు తోచినంతవరకు ఇంకాల పనితనమును అర్థము చేసికొనుటకు ఈ చిన్న ఊళ్లే మేలు. ప్రతిచోటను అవే మూడు వస్తువులు: చీలిన రాయి, కాలువకట్టిన ఊట, మెట్లు మెట్లుగా చెక్కిన వాలు.

నాలుగవనాటి వేకువను ఇంతి పుంకు, అనగా సూర్యద్వారము, చేరినపుడు దిగువన మాచూ పీచూ కనబడును. సముద్రమట్టమునకు ఎత్తు 2,430 మీటర్లు. రెండు శిఖరముల నడుమ జీనువలె వంగిన సన్నని కొండవెన్ను. చుట్టును ఉరుబంబ నది లోయలో మెలిక తిరిగి పారుచుండును.

ఈ కొండ గ్రానైటు. సుమారు 25 కోట్ల సంవత్సరములనాడు భూగర్భమున కరిగిన శిల చల్లారి యేర్పడినది. పడమట పసిఫిక్ సముద్రపు అడుగున నజ్కా ఫలకము ఏటా ఆరేడు సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా క్రిందికి చొచ్చుకొని పోవుచుండుట వలన ఆండీస్ పర్వతములు లేచినవి. ఈ తాకిడికి గ్రానైటు వంగలేదు, పగిలినది. శిలలు చీలి, చీలికకు ఒకవైపు భాగము రెండవవైపుకన్న జరిగినచో దానిని భ్రంశము అందురు. మాచూ పీచూ రెండు పెద్ద భ్రంశముల నడుమ క్రుంగిన భాగముపై నున్నది. ఒకటి దక్షిణపు శిఖరము ప్రక్కను, రెండవది ఉత్తరమున వైనా పీచూ శిఖరము ప్రక్కను పోవుచున్నవి.

బ్రెజిల్ దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు రుఆల్డో మెనెగాట్ ఉపగ్రహచిత్రములను నేలమీది కొలతలతో పోల్చి, 2019లో ఒక విషయమును ప్రకటించెను. ఈ ఊరి క్రింద వేర్వేరు దిక్కులలో పోవు పగుళ్లు అనేకము ఒకదానినొకటి ఖండించుచున్నవి. కొన్ని బండరాతిలోని చిన్న చీలికలు. కొన్ని 175 కిలోమీటర్ల పొడవైన భ్రంశములు. గోడలు, మెట్లు, మళ్లు పెక్కుచోట్ల ఆ పగుళ్ల దిక్కులనే అనుసరించినవి. ఒల్యాంతాయ్‌తాంబో, పిసాక్, కుస్కో పట్టణములును ఇట్టి కూడళ్లపైననే కలవు. ఇది యాదృచ్ఛికము కాదు, ఇంకాలు పగిలిన చోటులను ఎంచి కట్టిరని ఆయన వాదము.

బుద్ధిమంతుడు ఇల్లు కట్టుటకు పగులు లేని నేలను వెదకును గదా! వీరు తలక్రిందుగా ఏల చేసిరి? మన గ్రానైటు గుట్టలపై వడ్డెరలు పని చేయుట చూచినవారికి ఇందులో సగము సమాధానము తోచును. పగులు లేని గ్రానైటును చీల్చుట ఎంత కష్టమో వారికి తెలియును. ఇనుప ఉలితో గుంతలు తొలిచి, మేకులు దిగగొట్టి, గంటలకొలది సమ్మెట వేయవలెను. ఇనుమే లేనివారి మాట చెప్పనేల? పగుళ్లు కలిసిన చోట ఆ పనిని కొండయే చేసిపెట్టినది. పలకలుగా, దిమ్మలుగా చీలిన రాళ్లు ఊరినడుమనే గుట్టగా పడియున్నవి. నేటికిని ఆ రాతిగని మాచూ పీచూ లోపల కనబడును. దూరమునుండి మోయవలసిన పనియును తప్పినది.

మిగిలిన చెక్కుడు రాతితోనే జరిగినది. జాన్ పియర్ ప్రోట్జెన్ అను వాస్తుశాస్త్రాచార్యుడు 1980 ప్రాంతములలో కుస్కో సమీపపు గనిలో స్వయముగా దీనిని పరీక్షించెను. ఆ గనిలోనిది ఆండిసైటు. దాని పేరే ఆండీస్ నుండి వచ్చినది. నాలుగు కిలోల గట్టి గుండ్రాతిని రెండు చేతుల నెత్తి, వదలి, పట్టుచు ఆయన ఒక దిమ్మకు మూడు ముఖములు, ఐదంచులు గంటన్నరలో తీర్చెను. అంచులవద్ద చిన్న గుండ్లు వాడవలసి వచ్చెను. ఇంకా గోడలలోని రాళ్లపైనను అంచుల చెంత సన్నని దెబ్బలు, మధ్య పెద్ద దెబ్బలు ఉన్నవి. పూర్వము కొందరు ఈ గోడలు చూచి రాతిని కరగించు పసరు ఉండెననియు, ఏ లోకమునుండియో వచ్చినవారు కట్టిరనియు వ్రాసిరి. గుండ్రాయియు ఓపికయు చాలునని తేలిన తరువాత పసరుతో పని యేమి?

సమాధానములో రెండవ సగము నీరు. పగులు లేని గ్రానైటు నీటిని పీల్చదు. పగిలిన కొండ మాత్రము వాననీటిని చీలికలలోనికి త్రాగి, భ్రంశమువెంట నడపి, ఎక్కడనో ఊటగా విడుచును. మాచూ పీచూకు పైన కొండవాలున అట్టి ఊట ఒకటి కలదు. అమెరికా జలయంత్రవేత్త కెనెత్ రైటును, పెరూ పురావస్తువేత్త అల్ఫ్రెడో వలెన్సియాయును 1990 తరువాత దానిని కొలిచిరి. ఎండకాలమున నిమిషమునకు సుమారు 25 లీటర్లు, వానకాలమున సుమారు 125 లీటర్లు. తక్కువ ప్రవాహమునే తీసికొని లెక్కవేసి చూడుడు. దినమునకు 1,440 నిమిషములు; కాబట్టి 36,000 లీటర్లు. ఊరిలో నిండుగ వేయిమంది ఉన్నారనుకొనినను తలకు 36 లీటర్లు. దీనిని సుమారు 750 మీటర్ల రాతికాలువ, నూటికి మూడు పాళ్ల సగటు వాలుతో, ఊరిలోనికి తెచ్చును. అచట పదునారు నీటిధారలు మెట్లవలె ఒకదాని క్రింద ఒకటి అమర్చబడినవి. మొదటి ధార రాజభవనము చెంతనే యున్నది. శుభ్రమైన నీరు మొదట ఎవరికి దక్కినదో చెప్పనక్కరలేదు!

తెచ్చుకొనుటకన్న పోగొట్టుకొనుట కష్టతరమైన నీరు మరియొకటి కలదు, అది వాన. ఇచట ఏటా సుమారు 2,000 మిల్లీమీటర్లు కురియును. మన తెలుగుదేశపు సగటునకు దాదాపు రెండింతలు. అనగా ప్రతి చదరపు మీటరు నేలపైనను ఏడాదికి 2,000 లీటర్లు. నిట్రముగా వాలిన చోట అంత నీరు మట్టిలో నిలిచినచో మట్టి బరువెక్కి, రేణువుల నడుమ పట్టు సడలి, ఊరంతయు లోయలోనికి జారును. ఇంకాలు ఈ శత్రువును ముందే కనిపెట్టిరి. త్రవ్వి చూడగా మళ్ల అడుగున పెద్ద రాళ్లు, వానిపై చిన్న రాళ్లు, ఆపై ఇసుక కలిసిన గులకమట్టి, అన్నిటిపై సాగుమట్టి కనబడినవి. నడిమి మైదానము క్రింద రాళ్లు చెక్కినపుడు రాలిన పొళ్లను లోతుగా నింపిరి. గోడలలో నూటికి పైగా తూములు విడిచిరి. ఈ నగర నిర్మాణపు శ్రమలో నూటికి 60 వంతులు నేలక్రిందనే యున్నవని రైటు అంచనా. ఛాయాచిత్రములలో మనము మెచ్చుకొనునది మిగిలిన 40 వంతులనే.

ఈ పొరల సంగతి పాఠశాలలో సులభముగా చూపవచ్చును. రెండు పాత డబ్బాల అడుగున మేకుతో నాలుగైదు చిల్లులు పొడువుడు. ఒకదానినిండ జిగటమట్టి నింపుడు. రెండవదానిలో క్రమముగా కంకరరాళ్లు, గులకలు, ఇసుక, పైన నాలుగు వ్రేళ్ల మందమున అదే జిగటమట్టి వేయుడు. రెంటిలోను ఒక్కొక్క లీటరు నీరు నెమ్మదిగా పోసి, ఏ డబ్బానుండి ఎంత సేపటిలో ఎంత నీరు వచ్చెనో పిల్లలచే వ్రాయింపుడు. పిమ్మట రెండు డబ్బాలను తూచి చూచినచో ఏది ఎంత నీటిబరువును మోయుచున్నదో తెలియును.

ఇక భూకంపము. ఇచట ఒక అపోహను తొలగింపవలెను. మాచూ పీచూ గోడలన్నియు కత్తిమొన దూరనివి కావు. సామాన్యమైన ఇండ్లు ముడిరాళ్లను బంకమట్టితో కలిపి కట్టినవే. ఆలయములును రాజభవనములును మాత్రమే సున్నము, మట్టి లేక రాతికి రాయి పొదిగినవి. అయితే అన్నిటికిని కొన్ని లక్షణములు ఉమ్మడి. గోడలు లోపలికి కొంచెము వాలి యుండును. అడుగు వెడల్పు, పైన సన్నము. కాబట్టి బరువు క్రిందనే నిలుచును. ద్వారములు, గూళ్లు క్రింద వెడల్పుగను పైన ఇరుకుగను ఉండును. సున్నము లేని రాళ్లు భూమి ఊగినపుడు రవంత కదలి, ఒకదానిపై ఒకటి ఒరసికొని, ఆ రాపిడిలో కంపనపు శక్తిని ఖర్చుచేసి మరల కుదురుకొనును. 1950 మే 21న కుస్కోలో భూకంపము వచ్చినపుడు, ఇంకాల సూర్యదేవాలయపు గోడలపై స్పెయిన్‌వారు కట్టిన మఠము చాలవరకు కూలినది. దానిలో మరుగుపడిన ఇంకా గోడలు చెక్కుచెదరక బయటపడినవి. అట్లని వారు పొరపాటెరుగనివారు కారు. మాచూ పీచూలోని ప్రధానాలయపు వెనుకగోడ ఒక మూల, క్రింది నేల దిగబడి, రాళ్లు విడిపోయి నేటికిని వంగి యున్నది.

1911 జూలై 24న అమెరికా ఆచార్యుడు హైరం బింగ్‌హాం ఇచటికి వచ్చెను. 'కనుగొనెను' అని పుస్తకములలో వ్రాయుదురు. కాని ఆయన వచ్చునప్పటికి కొన్ని రైతు కుటుంబములు ఇంకాల మళ్లలోనే పంట పండించుకొనుచుండెను. 1902లో అగస్టిన్ లిజారగా అను పెరూవాసి ఒక గోడపై తన పేరు వ్రాసి పోయియుండెను. లోకమునకు తెలిపినవాడు బింగ్‌హాం అనుట న్యాయము. స్పెయిన్‌వారి వ్రాతలను బట్టి ఈ ఊరు 1450 తరువాత పుట్టినదని చాలకాలము నమ్మిరి. 2021లో అచటి సమాధులలోని ఎముకలను, పండ్లను రేడియో కర్బనముతో పరీక్షింపగా 1420 నాటికే మనుష్యులు ఉండిరనియు, 1530 ప్రాంతమువరకు నివసించిరనియు తేలినది. వ్రాతకు ఎముకకు భేదము వచ్చినపుడు ఎముకకే ఎక్కువ విలువ యిచ్చుట మేలని నా అభిప్రాయము.

వాన, భూకంపము, ఐదు శతాబ్దముల అడవి చేయలేని పనిని నేడు పాదములు చేయగలవు. ఇంకాలు తమ మెట్లను చెప్పులు తొడిగిన మనుష్యులకును, మెత్తని అడుగుల లామాలకును వేసిరి. గట్టి జోళ్లు తొడిగిన యాత్రికుల వరుసలకు వేయలేదు. 2000లో ఒక వ్యాపార ప్రకటన చిత్రము తీయుచుండగా యంత్రపు దూలము తగిలి, ఇంతివతాన అను పవిత్రశిలనుండి ఒక ముక్క విరిగినది. ఆ దశాబ్దమునుండి నియమములు బిగిసినవి. నాలుగు దినముల దారిపై దినమునకు మోతగాండ్రతో, మార్గదర్శకులతో కలిపి 500 మందినే పంపుటకు కట్టడి చేసిరి. అందు సగముకన్న ఎక్కువమంది యాత్రికుల గుడారములు, గిన్నెలు మోయు కెచువా రైతులే. 2001లో పెరూ చేసిన చట్టము వీరిలో ఒక్కొక్కని మోతను 20 కిలోలకు పరిమితము చేసినది. దారి మొదట తూకము వేయుదురు. దీనికి ముందు ఎంత బరువైనను వారి వీపులకే ఎక్కుచుండెను. వానలు ముమ్మరముగా కురియు ఫిబ్రవరి నెలయంతయు దారిని మూసి మరమ్మతులు చేయుదురు. చేతికర్ర తెచ్చుకొనువారు దాని ఇనుప మొనకు రబ్బరు తొడుగు తప్పక వేయవలెను. ఇనుము ఎరుగని చేతులు పరచిన రాళ్లపై ఆ మొన ఆనరాదు.